పాత పెళ్లి కాసెట్‌కి 4కే అక్కర్లేదు, మంచి వీసీఆర్ కావాలి

బీరువా అడుగున పడున్న పెళ్లి కాసెట్ పట్టుకుని బెజవాడ బీసెంట్ రోడ్డు పక్క స్టూడియోకి వెళ్లినా, గుంటూరు బ్రాడీపేటకి వెళ్లినా ఎక్కువమంది మొదట అడిగేది ఒకటే: "హెచ్‌డీలో ఎక్కిస్తారా, 4కేలోనా?" దానికి ఏ జవాబు వచ్చినా బొమ్మ మాత్రం బాగుపడదు. వీహెచ్ఎస్ టేపు మీద అడ్డంగా సుమారు 240 గీతలకి మించిన వివరం రికార్డవదు. నిలువునా మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో 576 గీతలు. టేపులో లేని వివరాన్ని ఏ మిషనూ పట్టుకురాలేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. కాసెట్‌ని ఏ వీసీఆర్‌లో ఆడిస్తారు? దాన్ని చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు? బొమ్మని ఏ వైరుతో, ఏ పరికరంతో కంప్యూటరులోకి పట్టుకుంటారు? పట్టిన అసలు ఫైలు మాకిస్తారా?

డిజిటల్ చేయించడం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు పనులున్నాయి. టేపుని చదవడం, చదివినదాన్ని ఏమీ పోకుండా దాచడం, దాన్నుంచి టీవీలోనో ఫోన్లోనో చూసుకునే కాపీ తయారుచేయడం. మూడోది ఎన్నిసార్లయినా మళ్లీ చేసుకోవచ్చు. మొదటిది మాత్రం కొన్ని కాసెట్లకి ఒక్కసారే కుదురుతుంది. నాణ్యత దాదాపు అంతా అక్కడే తేలిపోతుంది. బజారులో జరిగేది తలకిందుల వ్యవహారం: చదివే పనికి అన్నిటికన్నా చవక దారి, చూసే కాపీకి మాత్రం టైటిళ్లు, హంగులు.

ముందు ఇంట్లో ఏముందో తేల్చుకోండి

పెద్ద నల్ల కాసెట్ అయితే వీహెచ్ఎస్. మీద ఈ-180 అని ఉంటే మూడు గంటల టేపు. ఆడియో కాసెట్ సైజులో ఉంటే అది 8 ఎంఎం కుటుంబం: వీడియో8, హై8, డిజిటల్8. అంతకన్నా చిన్నది మినీడీవీ. ఇవి కాక తాతల నాటి సూపర్ 8 ఫిల్మ్ రీళ్లు ఎక్కడో ఒకరింట్లో బయటపడుతుంటాయి. 50 అడుగుల రీలు సెకనుకి 18 ఫ్రేముల చొప్పున మూడు నిమిషాల ఇరవై సెకన్లు నడుస్తుంది. దాన్ని పాత ప్రొజెక్టరులో ఆడించి గోడ మీద పడ్డ బొమ్మని ఫోన్‌తో తీయొద్దు. ఇన్నేళ్లకి ఫిల్మ్ కుంచించుకుపోయి ఉంటుంది, ప్రొజెక్టరు పళ్లు దాని రంధ్రాలని చింపేస్తాయి. ఒక్కో ఫ్రేమునీ విడిగా ఫొటో తీసే స్కానరుకే ఇవ్వాలి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్మ్ ఆధారం కుళ్లడం మొదలైందని అర్థం. ఆ రీలుని మిగతావాటికి దూరంగా పెట్టి దాని పనే ముందు చేయించండి.

కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి పంపిన కాసెట్, లేదా అక్కడ కొన్న కెమెరాతో ఇక్కడ తీసిన కాసెట్. వాటి మీద ఉన్నది అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకి దాదాపు 30 ఫ్రేములు. మనది 625 గీతలు, 25 ఫ్రేములు. పాల్ మాత్రమే తెలిసిన వీసీఆర్‌లో ఆ కాసెట్ పెడితే బొమ్మ దొర్లుతూనో, నలుపు తెలుపులోనో కనిపిస్తుంది. కాసెట్ పోయిందనుకుని పారేస్తారు. దానికి రెండు పద్ధతులూ తెలిసిన మల్టీసిస్టమ్ వీసీఆర్ చాలు. తిరగేసి చూసినా ఇదే కథ. ఇక్కడి పెళ్లి కాసెట్‌ని డాలస్‌కి మోసుకెళ్లినా అక్కడ మామూలుగా దొరికే పాత వీసీఆర్ దాన్ని ఆడించదు. అందుకే ఇక్కడ డిజిటల్ చేయించి హార్డ్‌డిస్కు పట్టుకెళ్లడమే నయం.

ఇంట్లో ఉన్న కాసెట్ ఎన్నో తరం కాపీ అన్నది కూడా చూసుకోవాలి. కెమెరాలో తిరిగిన టేపు మొదటి తరం. స్టూడియోవాళ్లు దాన్ని ఎడిట్ చేసి, సినిమా పాటలు కలిపి తీసిన మాస్టరు రెండో తరం. పెళ్లివారికి ఇచ్చిన కాపీ చాలాసార్లు మూడో తరం. ప్రతి తరానికీ అంచులు మెత్తబడతాయి, ఎరుపు రంగు పక్కకి కారుతుంది. కాబట్టి ఆడపెళ్లివారి దగ్గర ఒకటి, మగపెళ్లివారి దగ్గర ఒకటి, పెదనాన్నగారింట్లో ఒకటి ఉంటే అన్నీ తెప్పించి ఒకే చోట అయిదేసి నిమిషాలు ఆడించి పోల్చండి. ఎవరూ పెద్దగా చూడని కాసెట్టే అన్నిటికన్నా బాగుండే అవకాశం ఎక్కువ. అందరూ వెనక్కి తిప్పి తిప్పి చూసేది జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ. అక్కడే ఆపి బంధువులకి చూపించేవారు. బొమ్మ ఆగినట్టు కనిపించినా లోపల టేపుని చదివే హెడ్డులున్న డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ టేపులో ఆ ఒక్క చోటునే గీకుతుంటుంది. పెళ్లి క్యాసెట్లలో సరిగ్గా ముహూర్తం దగ్గరే తెల్ల చారలు ఎక్కువ పడడానికి కారణం అదే. ఆ రెండు నిమిషాలు వేరే కాపీలో శుభ్రంగా ఉంటే అక్కడినుంచి తీసి అతికించుకోవచ్చు.

బూజు, వరద నీళ్లు

కాసెట్ కిటికీలోంచి లైటు వేసి చూడండి. టేపు చుట్ట పక్కభాగం నున్నగా, ఒకే నలుపులో ఉండాలి. తెల్లటి పొడిగానీ దారాల్లాంటి మరకలుగానీ కనిపిస్తే అది ఫంగస్. మన తీర గాలిలో తేమకి, గోడవారగా పెట్టిన చెక్క బీరువాలో, ఇది సర్వసాధారణం. ఫంగస్ ఉన్న కాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టారంటే హెడ్డులు మూసుకుపోతాయి, ఆ తర్వాత పెట్టిన ప్రతి కాసెట్‌కీ ఆ పొడి అంటుకుంటుంది. కొన్నిసార్లు టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మోటారు లాగేసరికి తెగుతుంది.

పద్ధతి ఇది. కాసెట్‌ని సిలికా జెల్ సంచులతో కలిపి గట్టి మూత ఉన్న డబ్బాలో కొన్ని రోజులు ఉంచండి. తడి ఆరితే ఫంగస్ పొడిబారి టేపుని వదులుతుంది. ఎన్95 మాస్కు వేసుకుని, ఇంటి బయట, అడుగున ఉన్న అయిదు స్క్రూలు విప్పి తెరవాలి. చుట్ట పక్కల మెత్తటి బ్రష్షుతో పొడి దులపాలి. ఆ తర్వాత టేపుని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మెల్లగా తిప్పుతూ, నూగు రాలని బట్టతో రెండువైపులా తుడవాలి. మొండి మరక ఉంటే బట్టని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొద్దిగా తడపొచ్చు. మెడికల్ షాపులో దొరికే 70 శాతం స్పిరిట్ వద్దు, అందులో నీళ్లెక్కువ. శుభ్రమైన రెండు చక్రాలనీ పాత సినిమా కాసెట్ ఖాళీ పెట్టెలోకి మార్చాలి. ఫంగస్ పట్టిన పాత పెట్టె మళ్లీ వాడకూడదు. తెరిచేటప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే ఏ స్ప్రింగు ఎక్కడుందో, టేపు ఏ గుబ్బ చుట్టూ తిరిగిందో మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు ఆల్బమ్‌లూ కాసెట్లూ కూడా బురదలో మునిగాయి. తడిసిన కాసెట్‌ని డాబా మీద ఎండబెట్టడమే మనకి తోచే మొదటి పని. చేయకూడని పని కూడా అదే. ఎండకి పెట్టె వంగుతుంది, టేపు అంచు అలలు తిరుగుతుంది, లోపలి బురద గట్టిపడి గరుకు కాగితంలా టేపుని గీస్తుంది. బురద తడిగా ఉండగానే పెట్టె విప్పి, చక్రాలని డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా కడిగి, నీడలో ఫ్యాను గాలికి, నిలబెట్టి ఆరబెట్టాలి. పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరేదాకా ఏ వీసీఆర్‌లోనూ పెట్టొద్దు.

తడిసిన ఫొటోలకి టైము ఇంకా తక్కువ. ఒకదాని మీద ఒకటి ఉండగా ఆరితే జిగురు వేసినట్టు అతుక్కుపోతాయి. అందుకే ఆరకముందే చల్లని మంచినీళ్ల పళ్లెంలో ఉంచి, నీళ్లలోనే మెల్లగా విడదీసి, బొమ్మ వైపు తాకకుండా, పైకి కనిపించేలా పరిచి ఆరబెట్టాలి. వందల కొద్దీ ఉండి ఆ రోజు చేయలేకపోతే పాలిథిన్ సంచుల్లో పెట్టి ఫ్రీజర్లో దాయండి, తర్వాత కొంచెం కొంచెం తీసి చేసుకోవచ్చు. బొమ్మ పొర ఇప్పటికే జారుతూ రంగు చేతికి అంటుతుంటే కడగొద్దు. ఉన్నదున్నట్టు ముందు ఫొటో తీసేయండి.

ఇక్కడే ఒక చిన్న మాట. బీరువాలో బట్టల మధ్య కాసెట్లూ ఆల్బమ్‌లూ పెట్టి కలరా ఉండలు వేస్తుంటారు. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. వాటికి వేరే అర ఇవ్వండి.

వీసీఆర్ దగ్గరే అంతా ఉంది

ప్రపంచంలో చివరగా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు తిరిగేవన్నీ పాతవే. వాటిలో బెల్టులు సాగుతాయి, టేపుని లాగే రబ్బరు చక్రం గట్టిపడి జారుతుంది, గ్రీజు బంకలా మారుతుంది. అలాంటి మిషను కాసెట్‌ని లోపలికి తీసుకుంటుంది గానీ బయటికి తీసేటప్పుడు టేపుని నమిలేస్తుంది. అందుకే ఏ వీసీఆర్‌లోనైనా ముందు పనికిరాని సినిమా కాసెట్ ఒకటి పెట్టి, ఆడించి, ముందుకీ వెనక్కీ తిప్పి, బయటికి తీసి చూశాకే పెళ్లి కాసెట్ పెట్టాలి. అంతకన్నా ముందు కాసెట్ వెనకంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచారో లేదో చూడండి. అది ఉన్నంతకాలం రికార్డు బటన్ మీద వేలు పడితే చాలు, పెళ్లి చెరిగిపోతుంది.

హెడ్డులు తుడిచేటప్పుడు చాలామంది చెడగొట్టేస్తారు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన తెల్ల కాగితం ముక్కనో, షామీ తోలునో డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్ముని చేత్తో తిప్పాలి. పైకీ కిందకీ రుద్దితే హెడ్డు కొన విరుగుతుంది. దూదిపుల్ల వాడితే పోగు హెడ్డుకి చిక్కుకుంటుంది.

ఏళ్ల తరబడి కదలని కాసెట్‌ని చివరిదాకా ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పితే చుట్ట బిగువు సమమవుతుంది. తర్వాత ట్రాకింగ్, అంటే హెడ్డులు టేపు మీద రికార్డయిన దారిలోనే నడిచేలా చేసే సర్దుబాటు, సరిచేయాలి. ఆటోమేటిక్ ట్రాకింగ్ చేసింది చాలదనిపిస్తే చేత్తో ఒక్కో మెట్టు జరుపుతూ చారలు అన్నిటికన్నా తక్కువైన చోట ఆపాలి. శబ్దం కూడా వింటూ చేయండి. తెగిన టేపుని సెలోటేపుతో అతికించే అలవాటుంది. దాని జిగురు వేడికి కారి హెడ్డులకి పూసుకుంటుంది. అతుకులకే చేసిన స్ప్లైసింగ్ టేపు మాత్రమే వాడాలి, అదీ హెడ్డులు తగలని వెనకవైపున. నలిగిన రెండంగుళాలు పోయినా ఫరవాలేదు, మన వీహెచ్ఎస్‌లో అవి రెండు సెకన్లకి కాస్త ఎక్కువ, అంతే.

ఇక వైరు. పసుపు రంగు కాంపోజిట్ వైరులో వెలుగు, రంగు కలిసి ఒకే తీగలో ప్రయాణిస్తాయి, అవతలి పరికరం వాటిని మళ్లీ విడదీయాలి. టేపు మీద అవి విడివిడిగానే రికార్డయి ఉంటాయి. ఎస్-వీడియో వైరు వాటిని విడిగానే తెస్తుంది. పట్టుచీర జరీ అంచుల దగ్గర పాకే రంగు చుక్కలు దాంతో చాలావరకు పోతాయి. ఎస్-వీడియో సాకెట్ సాధారణంగా ఎస్-వీహెచ్ఎస్ (వీహెచ్ఎస్‌లో మెరుగైన రకం) డెక్కులకే ఉంటుంది, వాటిలో మామూలు వీహెచ్ఎస్ కాసెట్ కూడా ఆడుతుంది. దొరికితే అదే వాడించండి.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది, ఎక్కువమందికి తెలియనిది టైమ్ బేస్ కరెక్టర్. సాగిన టేపు మీంచి ప్రతి గీతా సరిగ్గా ఒకే వేళకి రాదు, కొంచెం ముందో వెనకో వస్తుంది. అందుకే పందిరి గుంజలు పాకుతున్నట్టు వంగుతాయి. పాత టీవీ ఆ తడబాటుని సర్దుకునేది. కంప్యూటరుకి పెట్టే పరికరం సర్దుకోలేదు, తికమకపడి ఫ్రేముని వదిలేస్తుంది. ఒక్కో ఫ్రేమూ పోయేకొద్దీ బొమ్మ ముందుకి జరుగుతుంది, శబ్దం వెనకబడుతుంది. గంట గడిచేసరికి పురోహితుడి నోరు ఒకటి చెబుతుంటే మంత్రం ఇంకోటి వినిపిస్తుంది. టైమ్ బేస్ కరెక్టర్ ప్రతి గీతనీ ఒక క్షణం పట్టి ఉంచి సరైన వేళకి వదులుతుంది. కొన్ని మంచి ఎస్-వీహెచ్ఎస్ డెక్కుల్లో లోపలే ఉంటుంది. లేకపోతే పానసోనిక్ డీవీడీ రికార్డర్లలో ఈఎస్10, ఈఎస్15 అనే పాత మోడళ్లని మధ్యలో పెట్టి, వాటిగుండా సిగ్నల్ పంపిస్తే ఈ వంకర చాలావరకు సరిపోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆ రికార్డర్లని వెతికి కొనుక్కునేది డిస్కులు రాయడానికి కాదు, దీనికోసమే.

చవకగా దొరికే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బాలు వద్దని గట్టిగా చెప్పాలి. అవి ఒక్కో ఫ్రేములో విడివిడిగా వచ్చే రెండు అర్ధ బొమ్మల్ని (వాటి సంగతి కింద ఉంది) ఇష్టమొచ్చినట్టు కలిపేసి, 4:3 బొమ్మని 16:9కి సాగదీసి పంపిస్తాయి. ఆ నష్టం తర్వాత ఎవరూ సరిచేయలేరు.

పట్టిన ఫైలు ఎంత ఉండాలి

పట్టేటప్పుడు సెట్టింగు 720×576, సెకనుకి 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్‌గానే (అంటే అర్ధ బొమ్మల్ని విడిగానే ఉంచి), రంగు 4:2:2, శబ్దం 48 కిలోహెర్ట్జ్ పీసీఎం. కుదించకుండా దాస్తే గంటకి దాదాపు 75 జీబీ. హఫ్‌వైయూవీ, ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి నష్టం లేని కోడెక్కులతో (కుదించే పద్ధతులతో) అది సుమారు 25 నుంచి 40 జీబీకి దిగుతుంది. అంటే మూడు గంటల కాసెట్‌కి వంద జీబీ అటూఇటూ. వీడియో పట్టే సాఫ్ట్‌వేర్ వర్చువల్‌డబ్ ఉచితం, ఈ పనికి ఇప్పటికీ దానికి మించింది లేదు. వదిలేసిన ఫ్రేముల లెక్క అది చూపిస్తుంది, ఆ అంకె సున్నా దగ్గరే ఉండాలి. ఫైలు కంప్యూటరు లోపలి డిస్కులోకి రాయాలి గానీ పెన్‌డ్రైవ్‌లోకి కాదు. అది నడుస్తున్నంతసేపూ ఆ కంప్యూటరులో వేరే పని చేయొద్దు. ఇంత స్థలం లేదనుకుంటే హెచ్.264 కోడెక్‌లో సెకనుకి 15 నుంచి 20 మెగాబిట్ల మీద ఇంటర్‌లేస్డ్‌గా దాచినా ఫరవాలేదు, గంటకి 7 నుంచి 9 జీబీ అవుతుంది. గంటకి ఒక జీబీ ఎంపీ4 ఒక్కటే చేతిలో పెడితే మాత్రం అది చూసే కాపీయే, అసలు ఫైలు కాదు.

పట్టడం మొదలుపెట్టేముందు వెలుగు స్థాయి చూడాలి. పెళ్లి వీడియోలన్నీ వెయ్యి వాట్ల లైటు ముఖాన కొట్టి తీసినవే. పెళ్లికొడుకు తెల్లపంచె మడతలు, నుదుటి మీద వెలుగు టేపులో ఇంకా ఉంటాయి. పరికరం వెలుగు ఎక్కువగా పెట్టి పట్టిందంటే మడతలన్నీ ఒకే తెల్లమరకగా మారిపోతాయి. సాఫ్ట్‌వేర్‌లో వెలుగు స్థాయిని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు తెరిచి, పంచె కనిపించే దృశ్యం ఆడిస్తూ, కుడివైపు గోడకి గుద్దుకోకుండా బ్రైట్‌నెస్, కాంట్రాస్టు తగ్గించాలి. చూడ్డానికి కొంచెం చప్పగా ఉన్నా ఫరవాలేదు, తర్వాత పెంచుకోవచ్చు.

టీవీలో దువ్వెన గీతలు ఎందుకొస్తాయి

పాల్ వీడియోలో సెకనుకి 25 పూర్తి బొమ్మలు ఉండవు, 50 అర్ధ బొమ్మలుంటాయి. ముందు ఒక సగం గీతలు, సెకనులో యాభయ్యో వంతు గడిచాక మిగతా సగం. ఈ రెండిటినీ ఒకే ఫ్రేములో కలిపి ఫోన్లో చూపిస్తే, తలంబ్రాలు పోస్తున్న చేయి అంచున దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. చాలాచోట్ల చేసే వైద్యం సగం గీతలు పారేయడం. దువ్వెన పోతుంది, దాంతోపాటు సగం కదలికా సగం వివరమూ పోతాయి, బొమ్మ గంతులేస్తున్నట్టు నడుస్తుంది. సరైన దారి ప్రతి అర్ధ బొమ్మనీ పూర్తి బొమ్మగా చేసి సెకనుకి 50 ఫ్రేములు ఉంచడం. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర బాబ్ అనే ఎంపిక ఆ పని చేస్తుంది. ఇంకా నాణ్యంగా కావాలంటే క్యూటీజీఎమ్‌సీ అనే ఫిల్టరు ఉంది, కానీ అది మూడు గంటల టేపుకి రాత్రంతా తీసుకోవచ్చు. కదిలే మనుషులు ముందుకీ వెనక్కీ వణుకుతుంటే అర్ధ బొమ్మల వరస తలకిందులైందని అర్థం. వీహెచ్ఎస్ లాంటి అనలాగ్ పాల్ టేపుల నుంచి పట్టినవి సాధారణంగా పై గీతతో మొదలవుతాయి, మినీడీవీ నుంచి దింపిన డీవీ ఫైళ్లు కింది గీతతో.

చూసే కాపీకి హెచ్.264, నాణ్యత అంకె (సీఆర్ఎఫ్) 17 లేదా 18, శబ్దానికి ఏఏసీ 192. గంటకి 2 నుంచి 4 జీబీ వస్తుంది. పాత టీవీలు హెచ్.265 ఆడించకపోవచ్చు. బొమ్మ నిష్పత్తి 4:3 ఉంచండి, రెండుపక్కలా నల్లపట్టీలు రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే ఇంటిల్లిపాదీ లావెక్కుతారు. అడుగున పది గీతలు చిందరవందరగా ఉంటాయి, అది వీహెచ్ఎస్ హెడ్డులు మారే చోటు. దాన్ని నల్లగా కప్పేస్తే చాలు.

ఏఐతో మెరుగుపరచడం గురించి అడగనివాళ్లు లేరు. గుంపులో వెనక వరసలో ఉన్న ముఖం టేపులో ఇరవై గీతలు కూడా ఉండదు. ఏఐ అక్కడ తనకి తెలిసిన ఎవరిదో ముక్కూ కళ్లూ పెడుతుంది. పోయిన అమ్మమ్మ ముఖం ఇంకెవరిలాగో మారితే ఆ మెరుపు ఎవరికి కావాలి? చేయించుకోవాలనుంటే వేరే కాపీగా చేయించుకోండి, అసలు ఫైలు మాత్రం తాకనివ్వొద్దు.

"మేం ఎప్పుడో సీడీ చేయించేశాం" అనేవాళ్లకి

2000 తర్వాత ఎన్నో ఇళ్లు కాసెట్‌ని వీసీడీ చేయించుకుని కాసెట్ పారేశాయి. వీసీడీలో బొమ్మ 352×288 మాత్రమే, కాసెట్ నుంచి పట్టగలిగిన పిక్సెళ్లలో పావు వంతు. కాసెట్ ఇంకా ఉంటే మళ్లీ దాన్నుంచే చేయించండి. డీవీడీ అయితే అంత నష్టం ఉండదు. వీసీడీ, డీవీడీల్ని ప్లేయరులో ఆడించి పట్టడం దండగ. ఫైళ్లని యథాతథంగా కాపీ చేయాలి. డీవీడీకి మేక్‌ఎమ్‌కేవీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. గీతలు పడ్డ డిస్కుని రెండు మూడు వేర్వేరు డ్రైవుల్లో ప్రయత్నించండి, ఒకటి చదవనిది ఇంకోటి చదువుతుంది.

మినీడీవీ, డిజిటల్8 టేపుల్లో ఉన్నది మొదటినుంచీ డిజిటలే, గంటకి 13 జీబీ. దాన్ని ఫైర్‌వైర్ వైరుతో ఉన్నదున్నట్టు దింపుకోవాలి. కెమెరాకి ఉన్న యూఎస్‌బీ రంధ్రం చాలా మోడళ్లలో చిన్న బొమ్మే ఇస్తుంది. డెస్క్‌టాప్‌కి ఫైర్‌వైర్ కార్డు బిగించి, విన్‌డీవీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తీస్తే చుక్క కూడా పోదు.

ఫొటోలు, నెగెటివ్‌లు

నెగెటివ్ ఉంటే ప్రింటు జోలికి పోవద్దు. కవర్లో ప్రింట్ల వెనక ముడిచి పెట్టిన ఆ గోధుమరంగు పట్టీల్లోనే అసలు వివరం ఉంది, రంగులూ ప్రింటుకన్నా బాగా నిలుస్తాయి. 35 ఎంఎం నెగెటివ్‌ని 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే దాదాపు 7.7 మెగాపిక్సెళ్ల బొమ్మ వస్తుంది. మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద 9600 అని రాసి ఉన్నా దాని కటకం అంత చూడలేదు. దుమ్ము చుక్కల్ని ఇన్‌ఫ్రారెడ్‌తో తీసేసే సదుపాయం రంగు నెగెటివ్‌లకే. నలుపు తెలుపు నెగెటివ్‌లో వెండి ఆ కిరణాన్ని అడ్డుకుంటుంది కాబట్టి అక్కడ ఆపేయాలి.

పోస్టుకార్డు సైజు ప్రింటుకి 600 డీపీఐ సరిపోతుంది. తాతల కాలపు అగ్గిపెట్టంత నలుపు తెలుపు ఫొటోలకి 1200 పెట్టండి, అవి నేరుగా నెగెటివ్ ఆనించి తీసినవైతే సన్నని వివరం చాలా ఉంటుంది. అసలుని టిఫ్ ఫైలుగా దాచి, పంచుకోవడానికి జేపెగ్ చేయండి. 80లు, 90ల్లో స్టూడియోలు ఇష్టపడ్డ గళ్లగళ్ల సిల్కు కాగితం స్కానరులో తలనొప్పి. ప్రతి గడీ మెరుస్తుంది. ఫొటోని ఒకసారి మామూలుగా, ఒకసారి 180 డిగ్రీలు తిప్పి స్కాన్ చేసి, రెండిటినీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పెట్టి సగటు తీస్తే ఆ మెరుపు చాలావరకు పోతుంది.

ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫొటోని లాగొద్దు. అద్దం బయటివైపు తుడిచి అద్దంతోనే స్కాన్ చేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి ఫొటో రాకపోతే పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని వెనకనుంచి రంపంలా మెల్లగా లాగితే విడిపోతుంది. వెనకవైపు కూడా స్కాన్ చేయండి. చేతిరాతలో తేదీ, స్టూడియో ముద్ర, ఊరి పేరు అక్కడే ఉంటాయి. 1992 కృష్ణా పుష్కరాల ఫొటోయా 2004దా అన్న తగువు ఆ ముద్రతోనే తీరుతుంది. స్కాన్ చేసిన ఫొటోకి కంప్యూటరు ఈ రోజు తేదీ వేస్తుంది. ఎక్సిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో అసలు ఏడాది రాస్తే ఫోన్లో వరసగా కనిపిస్తాయి.

దాచడం, పంచడం, సరిచూసుకోవడం

రెండు హార్డ్‌డిస్కులు, మూడోది క్లౌడ్‌లోనో వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు ఇంట్లోనో. పెన్‌డ్రైవ్ చూడ్డానికే, దాచడానికి కాదు. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే దానిలోని డేటా చెదురుతుంది. టీవీకి పెట్టే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి లేదా ఫైలుని భాగాలు చేయండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. యూట్యూబ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. స్టూడియోవాళ్లు కాశీయాత్రకీ అప్పగింతలకీ వెనక కలిపిన సినిమా పాటల్ని యూట్యూబ్ గుర్తుపడుతుంది. లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టినా సరే, కొన్నిసార్లు వీడియో ఆపేస్తుంది, శబ్దం తీసేయమంటుంది. కుటుంబానికి డ్రైవ్ లింకే హాయి.

పని బయట చేయించినప్పుడు డబ్బు ఇచ్చేముందు అక్కడే కూర్చుని నాలుగు చోట్ల చూడండి. జీలకర్ర-బెల్లం దగ్గర, ట్రాకింగ్ కోసం. తలంబ్రాల దగ్గర, దువ్వెన గీతలూ గంతులూ లేవని. తెల్లపంచె దగ్గర, మడతలు కనిపిస్తున్నాయని. చివరగా అప్పగింతల్లో ఎవరైనా మాట్లాడుతున్న చోట, పెదవులకీ మాటకీ సరిపోయిందని. ఆఖరి అయిదు నిమిషాల్లో శబ్దం కుదిరిందంటే మధ్యలో పెద్దగా ఫ్రేములు పోలేదన్నమాట. కుదరలేదంటే ఫైలుని సాగదీసి సరిచేస్తామంటే ఒప్పుకోకుండా, కాసెట్‌నే మళ్లీ పట్టించండి.